మోనిషాకు పడని చక్కెర

తమిళనాడు ధర్మపురి జిల్లా ఏ. పళ్లిపట్టిలో బస్సు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే వచ్చే పల్లెలో పంచవర్ణం ఇరవై ఏడేళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేదీ చదివేదీ తమిళం. ఎదురుగా ఉంటే అందరికీ టీచరమ్మ. ఆమె లేనప్పుడు మాత్రం ఉప్పుచక్కెర టీచరు.

ఆ పేరు వెనక ఆమె తమ్ముడున్నాడు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు, నాలుగేళ్ళ ఆ పిల్లవాడికి బేదులు పట్టుకున్నాయి. నీళ్ళిస్తే ఇంకా పోతుందని పెద్దవాళ్ళు నీళ్ళు ఆపేశారు. దాహం దాహం అని వాడు మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు ఏడవలేదు. పదహారేళ్ళ తర్వాత, ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాపిరెడ్డిపట్టిలో జరిగిన శిక్షణలో ఒక నర్సు ఓఆర్‌ఎస్ పొట్లం కత్తిరించి లీటరు నీళ్ళలో కలిపి చూపించింది. కొంచెం ఉప్పు, కొంచెం చక్కెర. అంతేనా, ఇంతేనా అనుకుని పంచవర్ణం అక్కడే అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పటి నుంచి ఆ పల్లెలో బిడ్డకు బేదులంటే ఆమె చేతిలో చెంబు, పొట్లం సిద్ధంగా ఉండేవి. కలపడం నేర్పేది, పక్కనే కూర్చుని తాగించేది, మాట వినని తల్లిని నలుగురిలో దులిపేసేది. ఇరవై ఏడేళ్ళలో ఆ ఊళ్ళో బేదులతో ఒక్క బిడ్డ కూడా పోలేదు. ఆ మాట ఆమె అందరికీ చెప్పేది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట చెప్పీ చెప్పీ, ఈ విషయంలో తనకు తెలియనిది ఏమీ లేదన్న నమ్మకం మాత్రం గట్టిపడిపోయింది.

మూడేళ్ళ కింద సత్యప్రియకు మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. సత్యప్రియకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. భర్త ధనశేఖర్ కర్రపెండలం లారీ నడుపుతాడు. అత్త సరసమ్మ ఆమెకు సొంత మేనత్త. బిడ్డకు మోనిషా అని పేరు పెట్టుకున్నారు. పుట్టినప్పుడు బరువు రెండు కిలోల తొమ్మిది వందలు, చక్కగా ఉంది. తల్లిపాలు కూడా బాగా పడ్డాయి.

నాలుగో రోజు నుంచి బిడ్డకు నీళ్ళలాగా పోవడం మొదలయింది. ఎనిమిదో రోజు ఒక ప్రైవేటు క్లినిక్కులో చేర్చారు. అక్కడ పాలు ఆపి రెండు రోజులు డ్రిప్పు పెడితే ఆగిపోయింది. ఏదో ఇన్‌ఫెక్షన్ అన్నారు, తల్లిపాలతో పాటు చెంచాతో ఓఆర్‌ఎస్ కూడా ఇవ్వమని చెప్పి ఇంటికి పంపారు. ఇంటికి వచ్చి పాలు పట్టిన పూటే మళ్ళీ మొదలు.

పద్నాలుగో రోజు పంచవర్ణం వాళ్ళింటికి వెళ్ళింది. తీగ మీద పది పన్నెండు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. సత్యప్రియ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"దినానికి పదిహేనుసార్లు పోతా ఉండాది టీచర్," అంది.

పంచవర్ణం బిడ్డ కింది గుడ్డ తీసి చూసింది. తడిసి ఉంది, కానీ ఎక్కడా పసుపు మరక లేదు. వాసన చూసి నవ్వేసింది.

"ఇది ఉచ్చ పాపా. బేది ఇట్ల ఉంటాదా? మొదటి బిడ్డ కదా, నీకు తెలీదు. ఉచ్చ బాగా పోస్తా ఉండాదంటే ఒంట్లో నీళ్ళు ఉండాయని అర్థం."

"ఉచ్చ కాదు టీచర్. నేను చూస్తా ఉండాను కదా. వెనకనుంచే వస్తాది, నీళ్ళ మాదిరి. పుల్ల వాసన వస్తాది. అక్కడంతా ఎర్రగా పుండు పడిపోయింది చూడండి."

"ఇరవై నాలుగేండ్లుగా నేను చూడని బేదినా? ఓఆర్‌ఎస్ తాపుతా ఉండావా?"

"తాపుతా ఉండాను. అది తాపితే ఇంకా ఎక్కువ పోతా ఉండాది."

ఈ మాట పంచవర్ణానికి ఎక్కడో గుచ్చుకుంది. తమ్ముడు పోయినప్పుడు వాళ్ళమ్మ అన్న మాట కూడా ఇదే. నీళ్ళిస్తే ఇంకా పోతుంది. ఈ కాలంలో కూడా, పన్నెండో తరగతి చదివిన పిల్ల ఇదే మాట అంటుందా? ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఈ పిల్ల అబద్ధమాడుతోంది, ఓఆర్‌ఎస్ ఇవ్వడం లేదు, దాచిపెట్టి ఇంకేదో పోస్తోంది అనుకుంది. అక్కడే బిడ్డ కార్డు తీసి, ఖాళీగా ఉన్న చోట తమిళంలో రాసింది: తల్లి చెప్పినట్టు చేయడం లేదు.

మూడు రోజుల తర్వాత కేంద్రంలో తల్లుల సమావేశం జరిగింది. ఎనిమిది మంది వచ్చారు. సత్యప్రియను కూడా బిడ్డను తీసుకుని రమ్మని పంచవర్ణమే కబురు పెట్టింది. తూకంలో పడుకోబెడితే ముల్లు రెండు కిలోల మూడు వందల దగ్గర ఆగింది. పుట్టినప్పటి కంటే ఆరు వందల గ్రాములు తక్కువ. ఆ అంకె చూసినప్పుడే బిడ్డను పెద్దాస్పత్రికి పంపాలి. ఆమెకు ఇచ్చిన శిక్షణ పుస్తకంలోనే ఆ మాట ఉంది. రెండు నెలలు నిండని బిడ్డకు బేదులైతే ఆగకూడదని కూడా ఉంది. ఆమె ఆ అంకెను బిడ్డ ప్రమాదంగా చూడలేదు, తల్లి తప్పుకు రుజువుగా చూసింది.

"ఏం పోసినావు బిడ్డకు? గాడిదపాలా?" అని అడిగింది అందరి ముందూ.

"లేదు టీచర్."

"ఆముదమా? తేనా?"

"ఏమీ లేదు టీచర్. నా పాలు, మీరిచ్చిన పొట్లం. అంతే."

"అట్లయితే కలిపి చూపించు."

సత్యప్రియ లేచింది. పొట్లం కత్తిరించి లీటరు నీళ్ళలో పోసి కలిపింది. ఎక్కడా తప్పు లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సత్యప్రియను చూసి కాకపోవచ్చు, కానీ ఆమె తల వంచేసుకుంది.

"కలిపేది తెలుసు. తాపేదే లేదు," అంది పంచవర్ణం. "చూడండమ్మా, ఎట్ల తాపాలో."

బిడ్డను తన ఒళ్ళో పెట్టుకుని చెంచా చెంచాగా తాగించింది. మోనిషా ఆత్రంగా తాగింది, అంత దాహంగా ఉంది. చిన్న గిన్నెడు అయిపోయింది. అరగంట కాకముందే పంచవర్ణం చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. "ఉచ్చ పోసింది చూడండి, నీళ్ళు ఒంటికి పట్టినాయి," అని గట్టిగా చెప్పి మరో గిన్నె పోసింది.

సత్యప్రియ ఆ తడిసిన చీర వంకే చూస్తూ నిలబడింది.

మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు సరసమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "పంచవర్ణమక్కా, బిడ్డ కండ్లు తెరవలేదు!" పంచవర్ణం వెళ్ళేసరికి మోనిషా నడినెత్తి గుంటపడి ఉంది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలబడిపోయింది. నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. ధనశేఖర్ లోడుతో సేలంలో ఉన్నాడు, నేరుగా ఆస్పత్రికి వస్తానన్నాడు. పంచవర్ణం కూడా ఆంబులెన్సు ఎక్కింది.  ధర్మపురి పెద్దాస్పత్రి చేరేదాకా సరసమ్మ దేవుళ్ళను ఒక్కొక్కరినే పిలుస్తూ కూర్చుంది.

అక్కడ పిల్లల డాక్టరు హేమప్రియ బిడ్డను చూసిన వెంటనే నోటి ద్వారా అంతా ఆపించి డ్రిప్పు పెట్టించింది. మధ్యాహ్నానికి బిడ్డ చేయి కదిలించింది. అప్పుడు డాక్టరు కార్డు తీసుకుని తిరగేసింది. ఒకచోట ఆగి, ఆ తమిళ వాక్యాన్ని పైకి చదివింది.

"తల్లి చెప్పినట్టు చేయడం లేదు. ఇది ఎవరు రాసింది?"

పంచవర్ణం రెండు అడుగుల దూరంలోనే ఉంది. నేనే అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆమె చూపు పక్కకు తిప్పుకుంది. సత్యప్రియ తలెత్తి ఆమెను చూసింది, మళ్ళీ డాక్టరు వైపు తిరిగింది.

"తెలీదు మేడం. ఎవరో రాసినారు."

పంచవర్ణానికి హమ్మయ్య అనిపించింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెను అన్నింటికంటే ఎక్కువగా కుట్టింది అదే. బిడ్డకు తాగించడం తెలియక చేసిన పని. ఆ హమ్మయ్య తెలిసే అనుకున్నది.

రెండు రోజులు బేదులు ఆగాయి. మూడో రోజు తల్లిపాలు పిండి కొంచెం పట్టారు. రెండు గంటల్లో పక్క తడిసిపోయింది. పాలు ఆపారు, ఆగింది. హేమప్రియ ఈసారి గుడ్డను తనే చేతిలోకి తీసుకుని చూసింది.

"చూసినవాళ్ళు ఎవరైనా ఇది మూత్రం అనుకుంటారు," అంది తమిళంలో. "బేది అని నీకు ఎట్లా తెలిసింది?"

"మొదటినుంచీ చెప్తానే ఉండాను మేడం," అంది సత్యప్రియ, అలసటలో తెలుగులోకి జారిపోయి.

డాక్టరు కళ్ళు పెద్దవి చేసింది. "అయ్యో, మీరూ మనవాళ్ళేనా?" వాళ్ళది ధర్మపురిలో తరతరాలుగా కొట్టు నడిపే కుటుంబం, ఇంట్లో తెలుగే. అప్పటి నుంచి ఆమె కూడా తెలుగులోనే మాట్లాడింది.

ఆ బేది నీళ్ళను పరీక్షకు పంపితే అందులో చక్కెర తేలింది. తర్వాత ఒకరోజు గ్లూకోజ్ నీళ్ళు రెండు చెంచాలు ఇచ్చి చూశారు. మళ్ళీ వరద. ఇంకోరోజు పండ్ల చక్కెర, అంటే ఫ్రక్టోజ్, కలిపిన నీళ్ళు ఇచ్చారు. సత్యప్రియ గుడ్డ మీద నుంచి కన్ను తీయకుండా కూర్చుంది. గంట గడిచింది, మూడు గంటలు గడిచాయి. గుడ్డ పొడిగానే ఉంది.

ఆ సాయంత్రం డాక్టరు వాళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. ధనశేఖర్, సరసమ్మ, సత్యప్రియ బల్ల మీద కూర్చున్నారు. పళ్ళు పట్టుకుని చూడవచ్చిన పంచవర్ణం గోడకు ఆనుకుని నిలబడింది.

"మనం తిన్న చక్కెర పేగులోకి పోతే చాలదు. పేగు గోడ దాటి రక్తంలోకి పోవాల. ఆ గోడలో కంటికి కనపడని దార్లు ఉంటాయి, ప్రోటీన్‌తో చేసినవి. గ్లూకోజ్ పోయే దారికి ఉప్పు కూడా కావాల. ఉప్పూ చక్కెరా కలిసే లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్ళు పోతాయి. ఓఆర్‌ఎస్ పని చేసేది దానివల్లే. ఈ బిడ్డకు ఆ ప్రోటీన్ పుట్టుకతోనే పని చేయలేదు."

"పాలు ఏల పడలేదు మేడం? పాలల్లో చక్కెర లేదు కదా?" అని అడిగాడు ధనశేఖర్.

"ఉంది. పాలల్లో ఉండే చక్కెర కడుపులో రెండుగా విడిపోతాది. ఆ రెండూ పోవాల్సింది ఆ దారిలోనే. పోలేక పేగులోనే నిలబడిపోతాయి. నిలబడిన చక్కెర ఊరికే ఉండదు, ఒంట్లో నీళ్ళనంతా తన దగ్గరికి లాగేస్తాది. అందుకే బేది. ఎంత తాపితే అంత ఎక్కువ. పండ్ల చక్కెరకు వేరే దారి ఉంది. అది ఈ బిడ్డకు బాగుంది."

సొంత మేనరికమని విని ఆమె ఇంకా కొంత చెప్పింది. తల్లిలో సగం, తండ్రిలో సగం దాగి ఉన్న లోపం బిడ్డలో కలిసిందని, వాళ్ళిద్దరి తప్పూ కాదని, కానీ తర్వాతి కాన్పుకు ముందు తప్పకుండా తన దగ్గరికి రావాలని చెప్పింది. నిర్ధారణకు రక్తం బయటి ఊరికి పంపింది. తన పట్టుదలతోనే ఈ పెళ్ళి జరిగిందని సరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

లేవబోతూ డాక్టరు కార్డు మీద వేలు పెట్టింది. "ఇది రాసినవాళ్ళు ఎవరో గానీ, ఈ పిల్ల చెప్పింది చెప్పినట్టే చేసింది. అట్లా చేసినందుకే బిడ్డకు ఈ గతి పట్టింది."

పంచవర్ణం వరండాలోకి నడిచింది. తెచ్చిన పళ్ళ సంచి ఇవ్వాలన్న సంగతి కూడా మరిచి అట్లాగే బస్సెక్కేసింది. ఒళ్ళో సంచి పెట్టుకుని పాపిరెడ్డిపట్టి దాకా కూర్చుంది. కండక్టరు రెండుసార్లు అడిగాక గాని టికెట్టు సంగతి గుర్తు రాలేదు. చీర మోకాళ్ళ దాకా తడిసిన ఆ మధ్యాహ్నం, మరో గిన్నె పోసిన తన చెయ్యి, మాట్లాడకుండా నిలబడిన ఆ పిల్ల. అన్నం ముందు కూర్చున్నా అదే, పిల్లలకు పాటలు నేర్పుతున్నా అదే. ఆమె మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళలేదు. వెళ్ళాలని మూడుసార్లు బయలుదేరి బస్టాపు నుంచి వెనక్కి వచ్చింది.

ఊళ్ళోకి కబురు ఇంకో రకంగా వచ్చింది. ఓఆర్‌ఎస్ తాగి మోనిషా చావబోయిందట. పంచవర్ణం వింది. వివరంగా చెప్పాలంటే తాగించింది ఎవరో కూడా చెప్పాలి. ఊరుకుంది.

పది రోజులకు తేన్మొళి కొడుకుకు బేదులు పట్టుకున్నాయి. ఏడాదిన్నర పిల్లవాడు. తేన్మొళి సత్యప్రియ పక్కింటి కోడలు, ఆనాటి సమావేశంలో ఉన్నది. పంచవర్ణం పొట్లం తీసుకుని వెళితే ఆమె వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"వద్దు టీచర్. ఆ నీళ్ళు తాగే కదా సత్యా బిడ్డ అట్లయింది."

లోపల పిల్లవాడు పెదాలు నాలుకతో తడుపుకుంటున్నాడు. పంచవర్ణానికి తమ్ముడి పెదాలు కనిపించాయి. అరుగు మీద తేన్మొళి మామ కాళియప్పన్ ఉన్నాడు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూడా చేరారు. ఆమె చెంబు కింద పెట్టింది.

"తాపింది నేనే. బేది అని సత్యా చెప్పింది, నేను ఉచ్చ అన్నాను. ఎక్కువ పోతా ఉండాదని చెప్పింది, అబద్ధం అన్నాను. తల్లి చెప్పినట్టు చేయలేదని కార్డులో రాసింది కూడా నేనే. డాక్టరమ్మ అడిగితే నోరు మూసుకొని నిలబడినాను."

 కాళియప్పన్ అరుగు దిగి లోపలికి పోయాడు.

"ఆ బిడ్డ పేగులో గ్లూకోజ్ పోయే దారే లేదు. లక్షల్లో ఒక బిడ్డకు అట్ల ఉంటాది. ఆ బిడ్డకు పుట్టిన వారంలోనే, పాలు పట్టినప్పుడే బేది మొదలయింది. నీ కొడుకు ఒకటిన్నర ఏడు పాలు తాగినాడు, అన్నం తిన్నాడు. వాడికి దారి బాగుంది తేన్మొళీ. వాడికి ఇది తాపకపోతే ప్రాణానికి మోసం. నన్ను నమ్మద్దు. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడుగు."

తేన్మొళి నిజంగానే ఫోన్ చేసింది. పంచవర్ణం ముందే, స్పీకర్లో పెట్టి అడిగింది. హేమప్రియ కూడా అదే చెప్పింది. అప్పుడు గాని చెంబు అందుకోలేదు. "నేను తాపుతాను. మీరు తాకద్దు," అంది. రెండో రోజుకు పిల్లవాడు లేచి ఆడుకున్నాడు.

నలభై రోజులకు మోనిషా ఇల్లు చేరింది. రక్తపరీక్ష కూడా డాక్టరు అనుకున్నదే అని తేల్చింది. పాలచక్కెర, గ్లూకోజ్ లేని పొడిలో పండ్ల చక్కెర కలిపి పట్టాలి. పంచవర్ణం వెళ్ళినప్పుడు సత్యప్రియ ఆ పొడిని చెంచాతో కొలుస్తోంది, తల ఎత్తలేదు. సరసమ్మ చాప వేసింది.

"సత్యా, తప్పు చేసినాను," అంది పంచవర్ణం.

"తేన్మొళి చెప్పింది." నాలుగో చెంచా అంచు సమంగా గీసి పోసింది. "అందరి ముందరా చెప్పినారంట."

"నీకు ముందు చెప్పాల్సింది."

"అవును."

సత్యప్రియ పొడి డబ్బా మూత బిగించి మళ్ళీ అంది. "డాక్టరు అడిగితే నేను ఏల చెప్పలేదో తెలుసా టీచర్? మిమ్మల్ని కాపాడాలని కాదు. అప్పటికి నాకే అనుమానం వచ్చింది. నేనే ఏదో తప్పు చేసినానేమో అని. అంత బాగా నమ్మించినారు మీరు."

 పంచవర్ణం కార్డు ఇమ్మని అడిగింది, ఆ వాక్యం కొట్టేస్తానని. సత్యప్రియ కార్డు తెచ్చింది కానీ కొట్టేయనివ్వలేదు. "అది అట్లనే ఉండనీ. కింద రాయండి." పంచవర్ణం కింద రాసింది: పై మాట తప్పు. తల్లి సరిగ్గా చూసింది, నేను వినలేదు. పేరు, తేదీ పెట్టింది. చదువుకుని సత్యప్రియ కార్డు లోపల పెట్టేసింది. కాఫీ ఇస్తానని గాని, మళ్ళీ రమ్మని గాని అనలేదు.

ఉద్యోగం మానేద్దామని పంచవర్ణం ఆ నెలంతా అనుకుంది. మానేస్తే సత్యప్రియ వాకిలి ముందు నుంచి రోజూ నడవాల్సిన పని ఉండదు. ఆ సుఖం కోసమే మానేయాలనుకుంటున్నానని తెలిసి మానలేదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా కార్డులో మొదట తల్లి ఏం చెప్పిందో రాస్తుంది, తను చూసింది తర్వాత. ఓఆర్‌ఎస్ మాత్రం ఇదివరకటిలాగే నేర్పుతుంది. పసిబిడ్డకు తాగించినకొద్దీ ఎక్కువైతే ఆపి పెద్దాస్పత్రికి పరుగెత్తమని చివర చెబుతుంది. అది చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడదు.

మోనిషా ఈ ఏడు కేంద్రంలో చేరింది. మూడేళ్ళకు కొంచెం పొట్టిగా ఉంటుంది, బలంగా నెడుతుంది. పిల్లలకిచ్చే బెల్లం కలిపిన సత్తుపిండి ఆమెకు పనికిరాదు. గుడ్డు తింటుంది, ఆకుకూర తింటుంది, అన్నం ఇప్పుడిప్పుడే నాలుగు మెతుకులు అలవాటు చేస్తున్నారు. మిగతాది ఇంటి నుంచి వస్తుంది. సత్యప్రియ రోజూ పదకొండింటికి వచ్చి, బిడ్డ తినేదాకా గడప దగ్గర నిలబడుతుంది. పంచవర్ణంతో అవసరమైన మాటే మాట్లాడుతుంది.

మొన్న బుధవారం మోనిషా ఒక గుడ్డు తినేసి ప్లేటు చాపింది. పంచవర్ణం ఇంకో గుడ్డు వలిచి, ప్లేటులో వేయకుండా చేతిలోనే పట్టుకుని గడప వైపు తిరిగింది.

"ఇవ్వచ్చా సత్యా?"

"సగం ఇవ్వండి," అంది సత్యప్రియ.